అట్టముక్క ప్యాకింగ్

ఆ వీధిలో ఆమెను అందరూ షెడ్డు కోడలు అనే పిలుస్తారు. కాపురానికి వచ్చిన కొత్తలో స్పానరుకీ స్క్రూడ్రైవరుకీ తేడా తెలియని మనిషి. మెకానిక్ షెడ్డు నడిపే మామగారి చేతులకు వణుకు పట్టాక, జారిపడిన నట్టు ఏరి ఇవ్వడానికని పక్కన నిలబడేది. భర్త నెలకు ఇరవై రోజులు లారీలోనే ఉంటాడు. అతనికి బండి నడపడమే తెలుసు, ఇంజిను విప్పమంటే తలనొప్పి వస్తుంది. అలా పక్కన నిలబడ్డ మనిషే ఏడేళ్లలో బళ్ల కిందకి దూరింది. ఇప్పుడు పని ఆమెది, పేరు మాత్రం మామగారిది.

చిక్కంతా ఆ పేరుతోనే. పాత బళ్లవాళ్లు ఆమె చేత పని చేయించుకుంటూనే మామగారి వంక చూసి మాట్లాడతారు. అందరిలోకీ మొండిఘటం మామగారి స్నేహితుడు అద్దాలాయన. కిటికీ అద్దాలు చేరవేసే ముసలి పికప్ ఆయనది. మామగారి చెయ్యి తప్ప దాని మీద ఇంకో చెయ్యి పడనిచ్చేవాడు కాదు. ఆయన ఒప్పుకుంటే, ఆయన్ని చూసి అద్దాల గోదాము బళ్లన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. ఒప్పుకోకపోతే, మామగారు లేవలేని రోజున షెడ్డుకు తాళం పడుతుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

ఆ పొద్దున పికప్ వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఆగడం పేరుకే, చలిజ్వరం వచ్చినట్టు నిలబడ్డ చోటే వణికిపోతోంది. పరుగులో బాగానే ఉంటుందట. ఆపితే చాలు, మిస్సింగ్ కొడుతూ వెనకున్న అద్దాలన్నీ గలగలలాడిస్తుందట. నిన్న ఒకటి చిట్లిందని చెబుతుంటే అద్దాలాయన ముఖంలో కోపం కన్నా దిగులే ఎక్కువ కనబడింది. ఎప్పటిలాగే స్లో స్క్రూ కాస్త బిగించమని మామగారిని అడిగాడు. రెండేళ్లుగా జరుగుతున్న వైద్యం అదే. స్క్రూ అరచుట్టు తిప్పితే ఇంజిను వేగం పుంజుకుని వణుకు మరిచిపోతుంది, కొన్నాళ్లకు కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఆ పూట మామగారి చేతులు మరీ అదుపులో లేవు. కోడలి వైపు తల ఊపాడు. అద్దాలాయన గత్యంతరం లేక బానెట్ ఎత్తాడు.

ఆమె స్క్రూ జోలికి పోలేదు. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూసింది. ఏది పీకినా ఇంజిను ఒకేలా నీరసించింది. అంటే నాలుగు సిలిండర్లూ పనిచేస్తున్నాయి. ఇక అనుమానించాల్సింది గాలిని. రాకూడని గాలి దొంగదారిన లోపలికి దూరితే పెట్రోలు పాళ్లు తగ్గి ఇంజిను ఇలాగే వణుకుతుంది. నూనె డబ్బాలో మంచినీళ్లు పోసి, కార్బొరేటర్ అడుగున చుట్టూ చుక్కచుక్కగా వదిలింది. వెనక మూల సందును నీళ్లు మూయగానే వణుకు ఆగింది. బండి రెండు క్షణాలు బుద్ధిగా ఉండి, ఆ నీళ్లు పీల్చేసుకుని మళ్లీ మొదలెట్టింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఇంజిను చల్లారాక కార్బొరేటర్ విప్పింది. గాలి చొరకుండా దాని కింద వేసే దళసరి ప్యాకింగ్ ఉండాల్సిన చోట చెప్పుల పెట్టె అట్ట ఉంది. ఎర్రచార కూడా ఇంకా చెరగలేదు. సుత్తి గుండ్రని తలతో అంచు వెంట కొట్టి కొట్టి తెంపిన అట్ట. ఆ చుట్టుపక్కల అలా కోసేది ఒక్క మామగారే. సరుకు లేని రోజున రెండ్రోజులకని వేసి మరిచిపోయి ఉంటాడు. వెనక మూల మాడి విడిపోయింది. ఇన్నాళ్లూ ఆయన స్క్రూ తిప్పి నయం చేస్తున్న జబ్బు ఆయన అంటించిందే.

ఏమైందని అద్దాలాయన మెడ సాచాడు. ఆమె అట్టముక్కను మీద వేసుకున్న పని కోటు జేబులో కుక్కేసి, కంపెనీ ప్యాకింగ్ పాతబడిందని చెప్పింది. స్నేహితుడి ముందు మామగారి పరువు తియ్యడానికి ఆమెకు మనసొప్పలేదు. కొత్త ప్యాకింగ్ షీటు కొలిచి కోసి, వేసి బిగించి, స్క్రూ వెనక్కి తిప్పింది. ఇంజిను నిలకడగా తిరిగింది. అద్దాలు కిక్కురుమనలేదు.

అద్దాలాయన మురిసిపోయి, ఎంతైనా నీ దగ్గర నేర్చుకుంది కదా అంటూ మామగారి భుజం తట్టాడు. మామగారు నవ్వలేదు.

“అమ్మాయ్, జేబులో పెట్టిందేమిటి?”

“ఏం లేదు మావయ్యా, చెత్త.”

ఆయన చెయ్యి చాపాడు. ఆ వణికే చేతిలో అట్టముక్క పెట్టక తప్పలేదు. తిప్పి చూసి స్నేహితుడి వైపు తిరిగాడు.

“ఇది కంపెనీది కాదురా. నేనే వేశాను, వేసి మర్చిపోయాను. రెండేళ్లుగా నీ అద్దాలు అదరగొట్టింది నేనే.” తరువాత కోడలితో నెమ్మదిగా అన్నాడు. “ఇవాళ నా తప్పు దాచావు. రేపు నీ తప్పు ఇంతకన్నా తేలిగ్గా దాచేస్తావమ్మా. ఆ పని మాత్రం చెయ్యకు.”

ఆమెకు తల కొట్టేసినట్టయింది. మంచికే చేశానని చెప్పబోయి, కళ్లు తుడుచుకుని సరేనన్నట్టు తల ఊపింది.

అద్దాలాయన బండెక్కాడు. ఇంజిను ఆపి, తాళంచెవి తీసుకుని దిగాడు. మామగారిని దాటుకుని వచ్చి, గ్రీజు అంటిన ఆమె అరచేతిలో పెట్టాడు.

“బ్రేకులు కూడా సరిగ్గా పట్టడం లేదమ్మా. వీడు ఇంకా ఏమేం అతికించాడో అన్నీ విప్పి చూడు. ఏది కనబడినా నాకు చెప్పు.”

ముప్ఫై ఏళ్లుగా తన చేతికే వచ్చిన తాళం అలా చేతులు మారుతుంటే మామగారి మనసు చివుక్కుమంది. అయినా తల తిప్పుకోలేదు.

“ముందు ఎడం చక్రం విప్పమ్మా,” అన్నాడు. “అక్కడ కూడా ఏదో చేసినట్టు గుర్తు.”