కామమ్మ తట్ట, ఏడో చెట్టు

గవరయ్య పడవలకు పేర్లు రాస్తాడు. బాంబూఫ్లాట్ ఒడ్డున కట్టేసిన పడవల్లో సగం ఆయన చేతి రాతే. అలాంటి మనిషికి అవతలి ఒడ్డున పోర్ట్ బ్లెయిర్‌లో రేవు గోడ మీద ఊళ్లోని పెద్ద చెట్లు ఏడింటి బొమ్మలు వెయ్యమని పని వచ్చింది. ఆరు చెట్లు ఆరు రోజుల్లో నిలబెట్టేశాడు. తీరా చూస్తే ప్రతి చెట్టుకూ మొదలు దగ్గర మోకాలెత్తు ఎర్ర రంగు.

“అంకుల్, యే లాల్ క్యోం?” అంది ఆ పని చూస్తున్న డ్రాయింగ్ టీచరు శ్రావణి.

“నీళ్లలో ఉండేదానికి కింద ఎరుపెయ్యాల కదమ్మా,” అన్నాడు గవరయ్య. అనేశాక తను వేసినవి పడవలు కావని గుర్తొచ్చి బుర్ర గోక్కున్నాడు. శ్రావణి నవ్వి, బాగానే ఉంది, ఉండనిమ్మంది.

ఏడోది చేపల బజారు ముందరి నిద్రగన్నేరు. నిరుడు గాలివానకు కూలిపోయింది. దాని కిందే ఇరవయ్యేళ్లు గవరయ్య భార్య కామమ్మ చేపలమ్మింది. చెట్టు పడిన నెలకి ఆవిడా పోయింది. గవరయ్య ఏడవలేదు. ఏడుస్తాడేమోనని చుట్టాలు మూడు రోజులు కాచుకుని కూర్చుని, టీలు తాగి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఆయనా ఏడుపు కోసం లోపల వెతుక్కున్నాడు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లినట్టే ఉంది.

ఆ చెట్టుకి సరైన ఫోటో ఒక్కటీ దొరకలేదు. అన్నిట్లోనూ మనుషులున్నారు, మాను కాస్త ఉంది, కొమ్మల్లేవు. గవరయ్యకూ గుర్తు లేదు. రోజూ సాయంత్రం తట్ట మోసుకురావడానికి వెళ్లేవాడే గానీ, తలెత్తి చూసిన పాపాన పోలేదు.

“శనివారానికి అవ్వకపోతే అక్కడ కొబ్బరిచెట్టు వేసేద్దాం అంకుల్,” అంది శ్రావణి.

కామమ్మ కూర్చున్న చోట కొబ్బరిచెట్టు. అది గవరయ్యకు నచ్చలేదు. ఇన్ని నెలల్లో ఆయనకు నచ్చనిదంటూ తగిలింది అదొక్కటే.

శుక్రవారం పొద్దున్నే బజారుకు వెళ్లి, కామమ్మ పక్కన కూర్చుని అమ్మే మహాలక్ష్మమ్మను అడిగాడు.

“కొమ్మలు నానేటి సూసేను బావా, బేరాలు సూసుకున్నాను గానీ. అక్క మట్టుకు ఒక్కకాడ కూకునీది కాదు. పొద్దున్న కుళాయికాడ, మజ్జానం మానుకాడ, మూడయ్యేసరికి ఐసుపెట్టెలకాడ. నీడ అంచునే ఉండీది, బేరాలకి కనపడాలని. నీడెటెల్తే తట్ట అటే.”

ఆ తట్ట ఇంకా మహాలక్ష్మమ్మ దగ్గరే ఉంది. గవరయ్య దాన్ని పట్టుకెళ్లి కుళాయి దగ్గర కూర్చుని, నీడ అంచు అక్కడిదాకా అని సుద్దముక్కతో నేల మీద గీత గీశాడు. ఒకావిడ వచ్చి తట్టలోకి తొంగి చూసింది.

“చేపలేవి భయ్యా?”

“లేవు.”

“మరి ఇక్కడెందుకు కూర్చున్నారు?”

“నీడకి.”

ఆవిడ ఆయన నెత్తి మీది ఎండను చూసింది, ఆయన్ను చూసింది, నాలుగడుగులు చుట్టూ తిరిగి వెళ్లింది.

మహాలక్ష్మమ్మ లేచి వచ్చి రెండు కానాగంత చేపలు తట్టలో పడేసింది. “ఉంచు బావా. ఉత్త తట్ట ఎట్టుకుని కూకుంటే పిచ్చోడంతారు.”

మధ్యాహ్నం ఆయన మాను ఉండే చోటికి జరిగాడు. అప్పుడు ఆవిడకు ఇంకోటి గుర్తొచ్చింది.

“ఇక్కడ కూకున్నప్పుడే అక్క కొంగు నెత్తినేసుకునీది.”

అంత చెట్టు కింద కొంగెందుకు? గవరయ్య ఆలోచించాడు. నడినెత్తిన కొమ్మల్లో కంత ఉండుండాలి.

మూడింటికి ఐసుపెట్టెల దగ్గరా గీసి, సాయంత్రానికి గీతలన్నీ కలిపితే చెట్టు గొడుగు ఎటు వాలిందో, ఎంత సాగిందో తెలిసింది. శనివారం మధ్యాహ్నానికల్లా గోడ మీదికి ఎక్కించేశాడు.

“మధ్యలో పెయింట్ ఛూట్ గయా అంకుల్, ఖాళీగా ఉంది,” అంది శ్రావణి.

“అక్కడ ఎండ పడీదమ్మా.”

“మరి కింద ఎరుపు?”

“మళ్లీ నీళ్లలో దిగని పడవకి ఎరుపెయ్యం.”

శ్రావణి మరి కొబ్బరిచెట్టు మాట ఎత్తలేదు.

గవరయ్య బ్రష్షులు కడిగి, ఆ మాను కింద చతికిలబడ్డాడు. ఎండ సరిగ్గా నడినెత్తిన ఉంది. భుజం మీది తువ్వాలు తీసి నెత్తినేసుకుని, వెనక్కి గోడకు ఆనుకున్నాడు. ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు. ఏమీ రాలేదు.

రంగు ఇంకా ఆరలేదు. ఆయన బాంబూఫ్లాట్ ఫెర్రీ ఎక్కేసరికి తెల్లచొక్కా వీపున చెట్టు బెరడు అచ్చుపడి ఉంది. ఫెర్రీలో అందరూ చూశారు.

ఇంటికొచ్చి చొక్కా విప్పాక చూసుకున్నాడు. నానబెడదామని బక్కెట్టు దాకా వెళ్లి, వెనక్కొచ్చి మేకుకు తగిలించాడు.