ఉప్పు లేని పప్పులోకి టమాటా

మా డాబా మీద మొక్కలు చూసిన వాళ్ళంతా ఒకటే ప్రశ్న అడుగుతారు, వీటిలో ఏ రకం టమాటా రుచిగా ఉంటుందండీ అని. ఒకప్పుడైతే నేనూ ఏదో పేరు చెప్పి పంపేసేదాన్ని. ఇప్పుడు మాత్రం, ముందు మీరు ఎవరి కోసం వండుతున్నారో చెప్పండి అంటాను. ఆ మాటకి కొందరు మొహం చిట్లిస్తారు. చిట్లించుకోనీండి, నాది మొదటినుంచీ ముక్కుసూటి నోరే. నేను టమాటా జోలికి వెళ్ళింది సరదాకి కాదు, మా ఆయన ప్రాణం కోసం. ఆ దారిలో నాకు మేలు చేసినవాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మాది రామచంద్రపురంలో కిరాణా కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు, ఆపైన డాబా. మా ఆయన నలభై ఏళ్ళుగా ఆ కొట్లోనే కూర్చున్నారు. కందిపప్పు గింజ ఒకటి పంటి కింద వేసుకుని అది కొత్తదో పాతదో, ఏ మిల్లు నుంచి వచ్చిందో చెప్పేస్తారు. అలాంటి నాలుకకి వండి పెట్టడం అంటే మాటలా! కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే నేను వంటింటి తలుపు చాటున ఊపిరి బిగబట్టుకుని నిలబడేదాన్ని.

రెండేళ్ళ కిందట వానాకాలంలో ఆయన చెప్పులు పట్టడం లేదన్నారు. కొత్త చెప్పులు కదా, బిగుతుగా ఉన్నాయేమో అనుకున్నాం. తీరా చూస్తే వాచింది కాళ్ళు. మెట్లెక్కితే ఆయాసం. రాజమండ్రి తీసుకెళ్తే డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి, గుండె నీరసించింది, ఒంట్లో నీరు నిలిచిపోతోంది అన్నారు. మందులు రాసిచ్చి రెండు షరతులు పెట్టారు. ఉప్పు బాగా తగ్గించాలి. నీళ్ళు రోజూ కొలిచి తాగాలి. నేను ఆ కొలతకి సరిపోయే స్టీలు సీసా ఒకటి కొన్నాను. నీళ్ళ షరతు నాకు సులువుగా తోచింది. పొద్దున్నే సీసా నింపి చేతికిస్తే అయిపోయింది కదా అనుకున్నాను. నా దిగులంతా ఉప్పు మీదే.

నెల తిరక్కుండానే ఆయన సగం చిక్కిపోయారు. రెండు ముద్దలు తిని కంచం జరిపేసేవారు. అడిగితే ఆకలి లేదనేవారు. ఒకరోజు జీలకర్ర కోసం కొట్లోకి దిగాను. మా కొట్లో రాళ్ళుప్పు బస్తా పూర్వం నుంచీ బయట అరుగు మీదే ఉంటుంది. ప్యాకెట్లు వచ్చినా, ఊరగాయలు పెట్టుకునేవాళ్ళ కోసం ఆ బస్తా అలాగే ఉంచాం. ఆయన దాని పక్కనే నిలబడి ఉన్నారు. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా అయిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బేరానికొచ్చిన వాళ్ళున్నారని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన ఉప్పురాయి ఉమ్మేసి, నెమ్మదిగా, నాకు మాత్రమే వినపడేలా అన్నారు.

“నీ పప్పు నోట్లో పెట్టుకుంటే మట్టి తిన్నట్టుందే. ఆకలేస్తోంది. మింగుడు పడట్లేదు.”

పైకి వచ్చి ఆయన కోసం విడిగా వండిన పప్పు ఒక ముద్ద తిన్నాను. నిజం చెప్పాలి కదా, అప్పటిదాకా నేను దాన్ని రుచి చూడలేదు. నాకు ఉప్పేసుకున్న గిన్నె వేరే ఉండేది. ఆ ముద్ద నాకు గొంతు దిగలేదు. నెల్లాళ్ళు ఆయన చేత అది తినిపించి, పైగా నేనే అరిచాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పూట నుంచి వేరే గిన్నె మానేశాను. ఇంట్లో ఇద్దరికీ ఒకటే వంట.

ఉప్పు లేనప్పుడు నాలుకకి పులుపు ఆసరా ఇవ్వాలని ఆసుపత్రిలో చెప్పారు. నిమ్మకాయ పిండితే పప్పు చేదెక్కిందన్నారు. ఉప్పు లేని చింతపండు పులుసు సంగతి అడక్కండి. ఇక మిగిలింది టమాటా. ఆయనకి పప్పుటమాటా అంటే చిన్నప్పటినుంచీ ప్రాణం. డాక్టరుగారు రక్తపరీక్ష కాగితాలు చూసి మోతాదులో తినొచ్చన్నారు. కానీ బజార్లో దొరికేవి లారీ ప్రయాణానికి పనికొచ్చే కాయలు. తోలు మందం, పులుపు లేదు, తీపి లేదు. ఉప్పేసి వండితే సరిపెట్టుకోవచ్చు గానీ ఉప్పు లేకపోతే వాటి బండారం బయటపడిపోతుంది. సరే, నేనే పండిస్తాను చూడండి అన్నాను.

ఆ శీతాకాలం నాలుగు రకాలు వేశాను. కడియం నర్సరీలకి వెళ్ళి పూసా రూబీ, అర్క వికాస్ నారు తెచ్చాను. రేగిపండంత కాసే చిట్టి టమాటా ఒకటి. ఫోన్లో బొమ్మ చూసి ముచ్చటపడి తెప్పించిన నల్ల టమాటా ఒకటి. పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి తడిచేలా నీళ్ళు పోసి, బిడ్డల్లా సాకాను. కాయలు పండాక ఆదివారం కొట్టు మూసిన పూట నాలుగు సాసర్లలో ముక్కలు కోసి ఆయన ముందు పెట్టేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని, పప్పు గింజ చూసినంత శ్రద్ధగా నమిలేవారు. నల్లది చూడ్డానికి బాగుంది గానీ పప్పు మురికి రంగు తిరుగుతుందన్నారు. చిట్టిది పిల్లలకిచ్చే బిళ్ళట, కూరలోకి కాదట. మిగతా రెండింటికీ పెదవి విరిచి ఒకే మాట అన్నారు, “నీళ్ళు.” నా ప్రాణం ఉసూరుమంది. అంత కష్టపడి పెంచితే ఆ ఒక్క ముక్కతో కొట్టిపారేశారు.

ఫిబ్రవరిలో ఒక రోజు కూరగాయల ఆవిడ వచ్చింది. కోటిపల్లి అవతల గోదారి మధ్య లంకలో వాళ్ళకి కాస్త చేను ఉంది. వారానికి రెండుసార్లు బస్సులో గంప వేసుకుని మా వీధికి వస్తుంది. ఆ రోజు గంపలో చిన్న చిన్న టమాటాలున్నాయి. గీతలు గీతలుగా, భుజాల దగ్గర పగిలి, చూడ్డానికి ఏం బాగాలేవు. మొహమాటానికి కొన్నాను. ఆ పప్పు తిని ఆయన తలెత్తి, ఇదెక్కడిది అన్నారు. కంచం ఖాళీ అయింది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆవిడ దగ్గర ఆ కాయలు నాలుగు వారాలు దొరికాయి. చివరిసారి కొన్నవాటి గింజలు బూడిదలో కలిపి, ఆరబెట్టి, పొట్లం కట్టి దాచాను.

టమాటా అయిపోయింది, మళ్ళీ కంచం జరపడం మొదలైంది. మే నెలలో చుట్టాలింటి నుంచి కొత్తావకాయ వచ్చింది. నేను గుడికి వెళ్ళిన సమయం చూసుకుని రెండు పూటలు తిన్నారు. మూడో రోజు ఆయాసంతో మాట్లాడలేకపోయారు. రాజమండ్రి వెళ్ళేదాకా కారులో ఆయన తల నా భుజం మీదే ఉంది. నాలుగు రోజుల తర్వాత ఇంటికి పంపిస్తూ డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, ఈసారి దక్కించాం, మళ్ళీ ఇలాగే వస్తే నేను మాట ఇవ్వలేనమ్మా అన్నారు. ఆ డాక్టరుగారు చల్లగా ఉండాలి. మెత్తగా చెప్పి ఉంటే నాకు అంత గట్టిగా తగిలేది కాదు.

ఆ ఏడు గోదారి పెద్దగా వచ్చింది. దసరా వెళ్ళాక లంక గింజలు ఆరు కుండీల్లో నాటాను. మొక్కలు ఏపుగా వచ్చాయి. జనవరికి కాయలు నిగనిగలాడుతూ, ఆవిడ కాయలకి రెండింతలు ఊరాయి. మురిసిపోయి కోసి వండాను. ఆయన ఒక ముద్ద తిని కంచం జరిపేశారు. ఎందుకని అడగక్కర్లేదు, నేనూ తిన్నాను కదా. నీళ్ళే! అదే గింజ, అదే మొక్క, రుచి మాత్రం లేదు. ఆ పూట నాకు భయం వేసింది. ఇక నా చేతిలో ఏముందని.

రెండ్రోజులకి కూరగాయల ఆవిడ వచ్చింది. గంపలో టమాటాలు గుప్పెడే ఉన్నాయి. వరదకి చేను సగం కోసుకుపోయిందని, ఈ ఏడు తినడానికి తప్ప అమ్మడానికి లేవని, నేను అడుగుతానని ఆ గుప్పెడూ తెచ్చానని చెప్పింది. చేను పోయిన మనిషి నా కోసం గుప్పెడు కాయలు మూటగట్టుకుని బస్సెక్కింది. ఆవిడ చెయ్యి పట్టుకుని డాబా మీదకి తీసుకెళ్ళి మొక్కలు చూపించాను. ఆవిడ కుండీలో వేలు గుచ్చి చూసి నవ్వేసింది.

“రోజుకెన్నిసార్లు పోత్తారండి అమ్మగారూ?”

రెండుసార్లని గర్వంగా చెప్పాను.

“అదేనండి. రుచంతా మీరే కడిగేత్తన్నారు. కాయ పడ్డాక మేం చుక్క పొయ్యమండి. కాలవ కింద పుట్టినోళ్ళు కదండీ, మీ చెయ్యి ఊరుకోదు.”

నిజమే. మా వైపు పైరు వాడినా నీళ్ళే, పూత రాలినా నీళ్ళే, ఏ లోటుకైనా ముందు తూము ఎత్తడమే తెలుసు. ఇవి కుండీలు కాబట్టి రెండ్రోజులకొక చెంబు పొయ్యమని, మధ్యాహ్నం ఆకు వాలినా కంగారు పడొద్దని, తెల్లారేసరికి అదే లేస్తుందని చెప్పి వెళ్ళింది. విత్తనం ఎక్కడైనా కొనుక్కోవచ్చు. ఈ మాట కొనడానికి దొరికేది కాదు. ఆవిడ రుణం నేను తీర్చుకోలేను.

ఆ రోజు నుంచి చెయ్యి కట్టేసుకున్నాను. మధ్యాహ్నం పైకి వెళ్తే ఆకులన్నీ వేలాడుతూ కనిపించేవి, చూడలేక కిందకి వచ్చేసేదాన్ని. పది రోజులయ్యాక కాయ కోసి చూస్తే ఏమీ మారలేదు. వేలు గుచ్చితే మట్టి తడిగా ఉంది. మంచు అనుకున్నాను. మర్నాడు పాలు పొంగించకముందే అనుమానంతో మెట్లెక్కాను. మా ఆయన స్నానాల గదిలోని చెంబు తెచ్చి ఒక్కో మొక్కకీ నీళ్ళు పోస్తున్నారు. డాబా మీది కుళాయి తిప్పితే నాకు వినపడుతుందని కింద నుంచి బకెట్టు మోసుకొచ్చారు, ఆ గుండెతో.

నా కోపం ఎలాంటిదో మీకు తెలిసే ఉంటుంది. ఎవరి కోసం చేస్తున్నాననుకున్నారు, మీ పప్పులోకి కాదా, ఎందుకిలా నాశనం చేస్తారు అని అరిచాను. ఆయన చెంబు పక్కన పెట్టి పిట్టగోడ మీద కూర్చున్నారు.

“దాహం ఎలా ఉంటుందో నాకు తెలుసే. నువ్వా సీసా చేతికిచ్చిన రోజునుంచీ తెలుసు. మధ్యాహ్నానికి నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. కొట్టు ముందు ఎవరైనా సోడా తాగుతుంటే నేనటు చూడను. నాకంటే రోగం. ఈ మొక్కకేం ఖర్మ?”

ఏడాదిన్నర. ఉప్పు ఉప్పు అని ఊరంతా తిరిగాను గానీ, మీకు దాహంగా ఉందా అని ఒక్కరోజు అడగలేదు. ఆయన ఎదురుగానే చెంబెత్తి గటగటా తాగేదాన్ని. ఎందుకు చెప్పలేదండీ అంటే, చెబితే సీసా పెద్దదిస్తావా అని నవ్వారు. నేను ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు.

ఆ తర్వాత డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగాను. కొలతలోనే ఉండేలా చూసుకుని, దాహం వేసినప్పుడు చల్లటి పండుముక్క చప్పరించొచ్చన్నారు. దాంతో మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఒక మొక్క ఆయనది, ఎన్ని నీళ్ళయినా పోసుకోవచ్చు. మిగతా ఐదూ నావి. ఆయన మొక్క కాయలు ఫ్రిజ్‌లో పెట్టి, మూడు గంటలకి పల్చటి ముక్కలు కోసి నేనే కొట్లోకి తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. అవి నోట్లో పెట్టుకుని ఆయన కళ్ళు మూసుకుంటే నాకు హాయిగా ఉండేది. రుచి లేదని నేను తిట్టిపోసిన నీళ్ళకాయలవి. నేను ఆయన ఎదురుగా నీళ్ళు తాగడం మానేశాను.

మూడు వారాలకి నా ఐదు మొక్కల కాయలు చిన్నవై, గట్టిపడి, భుజాల దగ్గర పగిలాయి. ఆ పగుళ్ళు చూసి నేను పొందిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆరు కోసి పప్పులో వేశాను. ఇంగువ, ఎండుమిర్చితో పోపు పెట్టాను. ఉప్పు రవ్వంత కూడా వెయ్యలేదు. ఏమీ చెప్పకుండా వడ్డించి, పాత అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను.

ఆయన మొదటి ముద్ద తిని ఆగిపోయారు. రెండో ముద్ద కలిపి, తినకుండా కంచంలోనే వదిలేసి నా వైపు చూశారు. అంత దిగులుగా ఆయన నన్నెప్పుడూ చూడలేదు.

“ఉప్పేశావు కదూ?” అన్నారు. “నా మీద జాలిపడి వేశావు. ఇలా చెయ్యకే. నాకింకా బతకాలనుంది.”

ఉప్పురాళ్ళు బుగ్గన పెట్టుకున్న మనిషి, నేను గుడికి వెళ్ళే సమయం చూసుకుని ఆవకాయ తిన్న మనిషి అన్న మాట అది. వెయ్యలేదండీ అని, ఆయన కంచంలో వదిలేసిన ముద్ద నేనే తీసి ఆయన నోటికి అందించాను.