ఆకు పడని అంకె

అత్త పోయినప్పటినుంచి ఒకచోట కూర్చోవడం నాకు చేతకావడం లేదు. పుస్తకం తీస్తాను, ఒకే పేజీ మళ్ళీ మళ్ళీ చదివి మూసేస్తాను. నిన్న సాయంత్రం సూలూరు ఇంట్లో అలాగే అటూ ఇటూ తిరుగుతుంటే మనవరాలి లెక్క కంటపడింది. ఆరువందల పన్నెండును ఆరుతో భాగించి, పన్నెండని వేసింది. దాని వయసులో నాదీ అదే లెక్క, అదే తప్పు.

మాది తమిళ ఊరు. బడిలో చదువు తమిళం, ఇంట్లో మాట తెలుగు. ఎక్కం తమిళంలో చెప్పుకుని, తీసివేత దగ్గర తెలుగులోకి జారేదాన్ని. ఆ సందులో ఒక అంకె ఎక్కడో పడిపోయేది. లెక్కల్లో మళ్ళీ తప్పితే బడి మాన్పిస్తానని నాయన చెప్పేశాడు. మా ఇళ్ళలో అదేమీ వింత కాదు. నాయనకు అక్కయిన, మాతోనే ఉండే అత్తను అయిదో తరగతిలోనే మాన్పించారు.

నాకు భాగారం నేర్పింది ఆ అత్తే, అదీ కూర్చోకుండా. నేను పలకతో వంటింటి గడప మీద. ఆమె పొయ్యికీ పశువుల కొట్టానికీ మధ్య.

“ఆరులో ఆరు ఎన్ని తడవలు పోతుందే?”

“ఒక తడవ.”

“రాయి. పక్కనుండే ఒకటి దింపు.” ఈసారి గొంతు కొట్టంలోనుంచి.

“ఒకట్లో ఆరు పోదత్తా. రెండు కూడా దింపేస్తా.”

గరిటతోనే వచ్చి నిలబడింది. “ఏమే, పంతిలో కూర్చున్నోడికి వడ్డించేదానికి లేదని ఆకు కూడా వెయ్యవా? వాణ్ణి లేపేసి పక్కోణ్ణి కూర్చోబెడతావా? సున్నా పెట్టు కన్నా, ఆ తర్వాత రెండు దింపు.”

పెళ్ళి భోజనాల పంతిలో తనకు ఆకు పడలేదని లేచిపోయిన చిన్నతాత ఒకాయన, చచ్చేదాకా ఆ పెళ్ళివారి గడప తొక్కలేదు. బళ్ళో వాత్తియారు బెత్తం చేయలేని పని ఆయన కోపం చేసింది. సున్నా పెట్టాను. నూటరెండు వచ్చింది.

ఇది చెబితే మనవరాలు, “మనకిప్పుడంతా బఫే కదా అవ్వా” అంది. అంటూనే సున్నా పెట్టింది.

ఆ ఏటి లెక్కల పరీక్ష సంగతి మాత్రం దానికి చెప్పలేదు. నేను గట్టెక్కాక నాయన, “సరే, ఇంకో ఏడాది చదవనీ” అన్నాడు.

“ఒక ఏడాదేనారా? కానీలే, వచ్చే ఏడాదీ నేనే వచ్చి అడుగుతా” అంది అత్త.

అడిగింది. ఏటేటా అడిగి, నన్ను కాలేజీ దాటించింది. ఆమె కోసం అలా అడిగినవాళ్ళు లేరు. ఆమె చదవకుండా పోయిన ఆ ఏళ్ళు ఇప్పుడు ఎవరు అడిగినా రావు.