వెనక సీటుకు కాజాలు

రాజమల్లుతో నేను ఆడిన మొదటి మాట తిట్టు. రెండోది కూడా అదే బాపతు. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

అది 2020 ఆగస్టు. లాక్‌డౌన్ సడలించారు గానీ సూరత్‌లో షేర్ ఆటో ఎక్కాలంటే గుండె దడ. నాది బ్యాంకు ఉద్యోగం, ఇంట్లో కూర్చుంటే కుదరదు. మా ఆయన రామలింగేశ్వరరావు హజీరాలో ఇంజనీరు. కంపెనీ బస్సులో సగం సీట్లు ఖాళీగా వదిలి నడుపుతున్నారు, ఎక్కాలంటే వంతు రావాలి. అందుకని ఓ సెకండ్ హ్యాండ్ కారు కొన్నాం. మా అత్తగారు భాగీరథి దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఎవరెవరు కూర్చున్నారో ఏమో, ముందుగా సీట్లన్నిటికీ కొత్త గుడ్డ వేయించండర్రా" అన్నారు. ఊళ్లోనే ఖటోదరాలో మన తెలుగాయన ఒకడు కవర్లు బాగా కుడతాడని తెలిసి, బండి అక్కడ వదిలాం.

సాయంత్రం వెళ్లి చూస్తే కుట్టు ఎక్కడా వంకర లేదు. సంతోషించాను. వెనక తలుపు తీసేసరికి ప్రాణం ఉసూరుమంది. కొత్త కవరుకు రెండు పక్కలా చీలికలు, వాటిలోంచి బెల్టు బకిల్స్ బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"ఏమయ్యా, కొత్త గుడ్డ ఇచ్చింది బొక్కలు పెట్టడానికా?" అని వీధంతా వినేలా అరిచాను.

మిషను దగ్గర్నుంచి ఆయన లేచాడు. యాభై దాటిన బక్కపలచటి మనిషి. మెడలో టేపు, మూతికి సీటు కవరు లైనింగు ముక్కతో కుట్టుకున్న మాస్కు.

"బొక్కలు గావు మేడం, కాజాలు. అంగీకి కాజా లేకుంటే గుండీ ఏడ పెడ్తరు? పాత కవరు కింద బకిల్లు బొందపెట్టి ఉండె. నేనే బయటికి తీసిన."

నాకంటే గట్టిగా అరిచి చెప్పాడు. పొగరనుకున్నాను. సూరత్ పక్కన జోల్వాలో పద్దెనిమిదేళ్లు మరమగ్గాల మధ్య నిలబడి చెవులు సగం పోగొట్టుకున్నాడని, తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియదని తర్వాత తెలిసింది. సొంతూరు సిరిసిల్ల దగ్గర. చెవులు దెబ్బతిన్నాక మగ్గం మానేసి, భార్య మిషను మీద కుట్టుపని నేర్చుకుని ఈ కొట్టులో చేరాడు.

"వెనక బెల్టు ఎవరు పెట్టుకుంటారు? మూసి కుట్టేయ్" అన్నాను.

"కుట్ట మేడం. మీకు పిల్లలున్నరా?"

"పాప. నాలుగేళ్లు."

"బండిల ఏడ కూసుంటది?"

"నా ఒళ్లో, ముందు సీట్లో. ఇంకెక్కడ కూర్చుంటుంది?"

ఆయన నెత్తి కొట్టుకున్నంత పనిచేశాడు. "అయ్యో మేడం! ముంగట డాష్‌బోర్డుల బెలూను ఉంటది. బండి గుద్దితే రెప్ప కొట్టే లోపల తన్నుకొస్తది. గది బెల్టు పెట్టుకున్న పెద్దోళ్లకు. ఒళ్ల పోరి ఉంటే పోరిని మీ పక్కెముకలకేసి కొడ్తది. నాకు ఇంగ్లీషు రాదు. ఎండకు అడ్డం దించే రెక్క మీద రాసి ఉంటే మా బిడ్డ ప్రవల్లిక చదివి చెప్పింది."

పక్క కొట్లవాళ్లు తలలు బయటపెట్టి నన్ను చూస్తున్నారు. పిల్లను చంపుకోబోతున్న తల్లిని చూసినట్టు చూస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాతి మాటలు తన మట్టుకు ఆయన గొంతు తగ్గించే చెప్పాడు, అయినా వీధికి వినపడ్డాయి. రెండేళ్ల కింద ఒక సేఠ్ కారుకు కవర్లు కుట్టాడట. పని నీటుగా కనపడాలని వెనక బకిల్స్‌ని లోపలికి తోసి పైన కుట్టేశాడు. అందరూ అలాగే అడిగేవారు. ఆరు నెలలకు ఆ బండి దేన్నో గుద్దుకుంది. వెనక కూర్చున్న సేఠ్ తల్లి ముందు సీటు మీదికి ఎగిరిపడి ప్రాణం వదిలింది. రిపేరయ్యాక ఆ సేఠ్ మళ్లీ కొట్టుకొచ్చాడు.

"మస్తు తారీఫ్ చేసిండు మేడం. 'రాజమల్లూ, నీ కుట్టు ఒక్కటి గూడ ఊడలే' అన్నడు. ఎన్క సీటు చూసిన. నిజమే, కుట్టింది కుట్టినట్టే ఉంది. మీద చెయ్యి పెడితే కింద బకిల్ తగిలింది. గది గూడ పెట్టిన కాడనే ఉంది."

అప్పట్నుంచి ఆయన కాజా లేకుండా కవరు కుట్టలేదు. ముందు సీటు పక్కన ఎయిర్‌బ్యాగు గుర్తుంటే, ఆ బెలూనుకు అడ్డం కాకుండా అక్కడ గుడ్డే వేయడు. లాక్‌డౌన్‌లో కొట్టు మూతపడితే ఇంట్లో మాస్కులు కుడుతూ, బకిల్స్ బయటికి తీస్తానని పాత గిరాకీలకు వరసగా ఫోన్లు చేశాడు. సడలింపు రాగానే కత్తెర, సూది పట్టుకుని అపార్ట్‌మెంట్ల చుట్టూ తిరిగాడు. కరోనా అంటిస్తావని వాచ్‌మన్లు గేటు దగ్గరే తరిమారు. బాగున్న కవరు కోస్తానంటాడు, పిచ్చోడని కొందరు నవ్వారు. పదకొండు బండ్లవాళ్లు మాత్రం కోయనిచ్చారు.

ఇది విని నా కోపం చల్లారిందంటే అబద్ధం. ముఖం గంటు పెట్టుకునే ఇంటికొచ్చాను. కానీ రాత్రి పాపను పడుకోబెడుతుంటే చెయ్యి దాని పక్కెముకల మీదికే పోయింది. మర్నాడు మా ఇంట్లో ఉన్న పిల్లల కారు సీటు మోసుకుని మళ్లీ ఖటోదరా వెళ్లాను. అది మా ఆయన పై అధికారి, తన పిల్లలు పెద్దవాళ్లయ్యారని ఇచ్చింది. అప్పటికి మాకు కారే లేదు కాబట్టి హాల్లో పడేస్తే, మా ఇందుజ అందులో కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు వినేది.

రాజమల్లు దాన్ని వెనక సీట్లో పెట్టి, మోకాలితో అదిమి, బెల్టు గుంజి బిగించి, రెండు చేతులా ఊపి చూశాడు. కదల్లేదు. పాపను కూర్చోబెట్టి భుజాల పట్టీలు సరిచేసి, పట్టీని రెండు వేళ్లతో గిల్లబోయాడు. వదులు లేదు, మడత వేళ్లకు అందలేదు. "గిట్ల ఉండాలె" అన్నాడు. నేను థ్యాంక్స్ కూడా చెప్పలేదు.

ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. ఇందుజ మూడు రోజులు ఏడ్చింది. అత్తగారు "పసిపిల్లను దొంగను కట్టేసినట్టు కట్టేస్తారటే" అని నన్ను దులిపేశారు. నేను మొండిదాన్ని, ఆవిడకూ బెల్టు పెట్టించాను.

2021 మార్చిలో అరవై దాటినవాళ్లకు టీకాలు మొదలయ్యాయి. అత్తగారికి మొదటి డోసు వేయించి తిరిగొస్తున్నాం. సూది వేసిన భుజం మీదే బెల్టు పడుతోందని ఆవిడ గొణిగి, దాన్ని చంక కిందికి తోసేశారు. నేను వెనక్కి తిరిగి చూసి, బండి ఆపించి, దిగివెళ్లి బెల్టును మళ్లీ భుజం మీదికి లాగాను. "రాక్షసి" అన్నారు. అననీలే అనుకున్నాను.

మరో పది నిమిషాలకు రాంగ్ సైడులో ఓ టెంపో ఎదురొచ్చింది. తప్పించబోయి మా ఆయన డివైడర్‌ను బలంగా గుద్దారు. టపాకాయ పేలినట్టు చప్పుడు. ముఖం ముందు తెల్లటి సంచి, మాడు వాసన, పొడి. ఆ సంచి నా రొమ్ము మీద వాలి మెల్లగా చప్పబడుతోంది. అది వచ్చిపడింది సరిగ్గా ఇందుజ ఇదివరకు కూర్చునే చోటే, నా ఒళ్లోనే. ఆ మాట తట్టగానే వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

"అమ్మా, నా బిస్కట్ పడిపోయింది" అంది వెనకనుంచి ఇందుజ.

ఆ బిస్కట్‌కు ఇప్పటికీ దణ్ణం పెడతాను. పిల్లకు గీత కూడా పడలేదు. అత్తగారికి బెల్టు ఒత్తుకుని ఛాతీ మీద వాత తేలింది, అంతే. మా ఆయనకు మణికట్టు బెణికింది.

మూడో రోజు రాజమల్లును గ్యారేజీకి రమ్మన్నాను. వచ్చి, ముందు భాగం వంక కన్నెత్తి చూడకుండా వెనక తలుపు తీశాడు. అత్తగారు కూర్చున్న వైపు కాజా దగ్గర, బెల్టు గుంజిన ఊపుకు కుట్టు జానెడు ఊడిపోయి, గుడ్డ చిరిగి వేలాడుతోంది. మా అత్తగారు అక్కడే కూర్చున్నారన్నాను. ఆయన దాని మీద చివరిదాకా వేలు జరిపాడు.

"పెద్దమ్మ?" అన్నాడు, తల తిప్పకుండా.

"ఇంట్లో ఉన్నారు, నన్ను తిడుతున్నారు."

"పోరి?"

నా కొంగు వెనక నుంచి ఇందుజ తల బయటపెట్టింది. ఆయన అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. మాస్కు తడిసిపోతోంది. "మంచిగ చిరిగింది మేడం" అన్నాడు. "మస్తు మంచిగ చిరిగింది."

కాసేపటికి లేచి, కవరు తర్వాత చూద్దామని, దెబ్బ తిన్న బెల్టులూ పిల్ల సీటూ మళ్లీ వాడొద్దని, ముందు కొత్తవి వేయించమని చెప్పాడు.

చెయ్యాల్సింది ఒకటి మిగిలిపోయిందని నాకు తెలుసు. మర్నాడు ఖటోదరా వెళ్లాను. మామూలు గొంతుతో చెబితే ఆయనకు సగమే వినపడుతుంది. అందుకే ఆనాడు తిట్టిన చోటే నిలబడి, అంత గొంతూ పెట్టి, "రాజమల్లు గారూ, మీ వల్లే మా పాప బతికింది!" అని అరిచాను. పక్క కొట్లవాళ్లందరూ తలలు బయటపెట్టి చూశారు.