గలిజేరు వేర్లు, తొలి గుక్క

నా చిన్నప్పుడు జమ్మలమడుగులో మా పక్కింటి మామ మగ్గం నేసేవాడు. ఒక ఏడు వానాకాలంలో ఆయన మోకాళ్లు బాగా వాచి, కాలితో తొక్కలేక మగ్గం ఆగిపోయింది. ఇల్లు గడవాలంటే మగ్గం ఆడాల్సిందే. గొర్రెల వెంట తిరిగి వేర్లు నేర్చుకున్న మా జేజి, అంటే మా నాయనమ్మ, వాపుకు గలిజేరు వేరు కషాయం మంచిదని, తవ్వుకురమ్మని నన్ను పెన్న గట్టుకు పంపింది.

గలిజేరు వేరు ఒక పట్టాన రాదు. నాలుగు తవ్వేసరికే చేతులు బొబ్బలెక్కాయి. పక్కనే అచ్చం దాని పోలికతో ఇంకో మొక్క పాకి ఉంది, పట్టుకుంటే చాలు ఊడొస్తుంది. దాని వేరు విరేచనాలు పట్టించి కడుపు కడిగేస్తుందని జేజి ఎన్నోసార్లు చెప్పింది. అయినా నా బద్ధకం నాది. మిగతా సంచి దాంతోనే నింపి, ఇంట్లో పడేసి బడికి పోయాను.

బడిలో ఒక్క ముక్క తలకెక్కలేదు. ఇంటికొచ్చేసరికి కషాయం చల్లారింది, మామ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎవరికి మందిచ్చినా తొలి గుక్క తానే తాగడం జేజి అలవాటు. ఆ గ్లాసు పైకెత్తడం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"తాగొద్దు జేజీ. నేను వేరే వేర్లు కలిపినా."

జేజి గ్లాసు దించి, కిటికీలోంచి ఒక గుడ్డమూట తీసి విప్పింది. నేను తెచ్చిన దొంగ వేర్లన్నీ అందులోనే ఉన్నాయి.

"కడిగేటప్పుడే ఏరి పెట్టినా పాపా. నువ్వు చెప్తావో లేదో అని చూస్తాండా. వేరు తప్పయితే పారేస్తాం. చెప్పకుంటే అది మామ కడుపులోకి పోతాది గదా."

నాకు ఎంత హాయనిపించిందంటే, అక్కడే కూలబడి ఏడ్చేశాను. కొన్నాళ్లకు మగ్గం చప్పుడు మళ్లీ వినపడింది. వేరు మహిమో, విశ్రాంతి మహిమో నాకు తెలియదు.

మొన్న కడపలో ఫార్మసీ చదివే మా మనవరాలు ఫోన్ చేసింది. వాళ్లు ఆ గలిజేరు వేరులోంచే వాపు తగ్గించే పదార్థాన్ని విడదీస్తున్నారట. రెండు సీసాల చీటీలు తారుమారు చేశానేమోనని దాని అనుమానం. చెబితే నెలల పని మొదటికొస్తుందని భయం. ఈ కథంతా చెప్పాను. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. వాళ్ల మేడమ్‌కు చెప్పేసిందట, మళ్లీ మొదలుపెడుతున్నారట.

డెబ్బై దాటినా, తప్పు ఒప్పుకునే ముందు నాకు ఇప్పటికీ ముద్ద దిగదు. చెప్పేశాక మాత్రం ఆకలి బాగా వేస్తుంది.