బొల్లారం అవతలి చేను

మా నాన్నకు గొంతు పోయింది. సికింద్రాబాదులో ఒక బడిలో ఆయన లెక్కలు చెప్పేవారు. సుద్దముక్కల పొడి వల్ల పాడైందన్నాడు డాక్టరు. గుసగుసలాంటి మాట తప్ప ఇంకేమీ మిగలలేదు. పిల్లలు వెక్కిరించడం మొదలుపెట్టాక ఉద్యోగం మానేసి, రాంగోపాల్‌పేటలో మేముంటున్న ఇల్లు ఖాళీ చేసి, బొల్లారం అవతల రాతిగుండ్ల నడుమ ఒక మెట్టచేను కౌలుకు తీసుకున్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తమ్ముడు చాలా చిన్నవాడు.

"ఇక్కడ మనకు ఎవరితోనూ పనుండదు," అన్నారు నాన్న చేరిన రోజు. ఆ మాట సంబరంగానే అన్నారు. అమ్మేమో గుంటూరు వైపు నుంచి పెళ్ళై వచ్చిన మనిషి, చర్చిలో పాట ఎత్తుకుంటే అందరూ ఆమె వెనకే పాడేవారు. ఇక్కడ చర్చి కాదు గదా, కనుచూపు మేర ఇంకో ఇల్లే లేదు.

ఇల్లు మేమే కట్టుకున్నాం. గుండ్ల దగ్గర ఏరిన రాళ్ళు, బురదమట్టి, పైన గడ్డి. బావిలో నీళ్ళు లోతున ఉండేవి. చేదతో తోడి తోడి అమ్మ అరచేతులు పగిలాయి. తిండికి జొన్నలు, పాలకు ఒక ఆవు. దీపానికి ఆముదం కూడా ఇంట్లోనే తీసేవాళ్ళం. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెడితే నూనె పైకి తేలేది. ఆ వాసన అమ్మ చీరలకు పట్టి వదిలేది కాదు.

గుట్ట వెనక ఒక సాయిబుల ముసలామె మేకలు కాచుకుంటూ ఒంటరిగా ఉండేది. ఆమెను బూబమ్మ అని పిలిచేవాళ్ళం. భర్త పోయాడు, పిల్లలు లేరు. అగ్గిపెట్టెలు అంగళ్ళలో దొరకడం మానేసిన రోజుల్లో ఆమె పిడకల కింద నిప్పు ఆరకుండా కాపాడేది. పొద్దున్నే నేను పగిలిన కుండపెంకు తీసుకుని వెళ్తే రెండు కణికలు వేసి ఇచ్చేది. "జెర పైలంగ పో బిడ్డా, గాలికి ఆరిపోతది," అనేది.

నిజాం సంస్థానం సరిహద్దుల్లో ఇండియా వాళ్ళు సరుకులు ఆపేశారని చెప్పుకునేవారు. కిరసనాయిలు లేదు, మందులు లేవు. రజాకార్లు ఫలానా ఊరి మీద పడ్డారని దారిన పోయేవాళ్ళు చెబితే అమ్మ గట్టిగా పాడడం మానేసింది. "సికింద్రాబాదు పోదామండీ, నలుగురి మధ్య కాస్త ధైర్యంగానైనా ఉంటుంది," అని బతిమాలింది. నాన్న తల అడ్డంగా ఊపారు.

వానలు ముదిరాక తమ్ముడికి చలిజ్వరం వచ్చింది. కషాయాలు పోసినా తగ్గలేదు. ఒక రోజు వాడు అమ్మను గుర్తుపట్టడం మానేశాడు. నాన్న ఆవునూ చేనునూ వదిలి రాలేనన్నారు. రోడ్డు మీద మగవాణ్ణి చూస్తే ఆపుతారన్న భయం కూడా ఉందని నాకు తరువాత తెలిసింది. అమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుని సికింద్రాబాదు ఆస్పత్రికి బయలుదేరింది. నేను కొంగు పట్టుకున్నాను. గుట్ట దిగుతుంటే బూబమ్మ గుడిసె తలుపుకు తాడు కట్టి ఎదురొచ్చింది.

"ఒక్కదానివి ఏడికి పోతవ్ బిడ్డా? నేను సుత వస్త."

దారిలో తుపాకులు పట్టుకున్న రజాకార్లు అడ్డం నిలబడ్డారు. బూబమ్మ తమ్ముణ్ణి తన చంకలోకి లాక్కుని వాళ్ళ మీద విరుచుకుపడింది. "బచ్చే కు బుఖార్ హై, దిఖ్తా నై?" పిల్లాడికి జ్వరం, కనబడటం లేదా అని. వాళ్ళలో ఒకడు నవ్వి పక్కకు తప్పుకున్నాడు.

ఆస్పత్రిలో వెతికి వెతికి కొంచెం క్వినైను ఇచ్చారు. జ్వరం దిగేదాకా బూబమ్మ వరండాలోనే కూర్చుంది. వాడు కళ్ళు తెరిచి నీళ్ళడిగాక లేచి పైట దులుపుకుంది.

"మేకలు ఒర్రుతుంటయి. నేను పోత."

"రేపో మాపో ఇండియా సైన్యం వస్తుందంటున్నారు. ఈ రెండు రోజులూ ఆగమ్మా," అంది అమ్మ చెయ్యి పట్టుకుని.

"ముసల్దాన్ని, నన్నెవలేం చేస్తరు? నేనెవలకేం చేసిన?"

అమ్మ రొట్టెలు మూటగట్టి ఇచ్చింది. బూబమ్మ మళ్ళీ వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది.

ఆ వెంటనే విమానాలు తిరిగాయి. దూరాన ఫిరంగుల మోత వినిపించింది. కొన్నాళ్ళకే నిజాం లొంగిపోయాడన్నారు. చర్చిలో అమ్మతో పాడే ఒకావిడ ఇంట్లో తలదాచుకున్నాం. వీధుల్లో జెండాలు, మిఠాయిలు, సైనికుల లారీల మీద పూలు. అదే వీధిలో కొన్ని సాయిబుల ఇళ్ళ తలుపులు తెరుచుకోలేదు. జనమంతా లారీల వెంట పరుగెత్తుతుంటే అమ్మ బొల్లారం వైపు నుంచి నడిచి వచ్చేవాళ్ళ ముఖాలు చూస్తూ నిలబడేది.

నాన్న ఆవును తోలుకుని వచ్చారు. వెనక బూబమ్మ మేకలు కూడా ఉన్నాయి.

"ఆమె ఏదండీ?" అంది అమ్మ.

"మీతో లేదా?" అన్నారు నాన్న. "తలుపుకు తాడు కట్టినట్టే ఉంది. ఇన్నాళ్ళూ మేకలకు నేనే నీళ్ళు పెట్టాను."



తరువాత ఇద్దరూ ఆ రోడ్డు పొడుగునా అడిగారు. ఒక ఊళ్ళో టీ కాచే మనిషి అటూ ఇటూ చూసి, "గా దినాలల్ల ఎవలెవలు పోయిన్రో ఎవలికెరుక అమ్మా. జెర మెల్లగ మాట్లాడుండ్రి," అన్నాడు. దిక్కులేనివాళ్ళు చేరిన మసీదుల దగ్గర, ఆస్పత్రుల్లో అమ్మ నెలల తరబడి వెతికింది. ఆనవాలు దొరకలేదు.

నాన్న ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనికి కుదిరారు. అక్కడ మాటతో పనిలేదు. ఒక యేడాది గడిచాక భోజనాల దగ్గర, "చేను బీడు పడుతోంది, మళ్ళీ వెళ్దామా?" అన్నారు.

అమ్మ ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. "మనం అక్కడ ఒంటరిగా బతకలేదండీ. ఆమె ఉండబట్టి బతికాం. ఇప్పుడక్కడ ఎవరున్నారు?"

నాన్న మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ చాలా ఆదివారాలు బొల్లారం వైపు నడిచి వెళ్ళేవారు. చేను చూసుకోవడానికి అనుకునేవాళ్ళం. చేను రాళ్ళు కొట్టేవాళ్ళ చేతికి పోయాక కూడా ఆయన వెళ్ళడం మానలేదు. ఎక్కడికని అమ్మ ఎన్నడూ అడగలేదు. దారికి రొట్టెలు కట్టి ఇచ్చేది.