ముందు ఎవర్ని దించాలో తెలిసిన నాగరత్నక్క

కృష్ణగిరిలో మా పాఠశాల ఉపాధ్యాయుల గదిలో కూర్చుని తొమ్మిదో తరగతి తెలుగు జవాబు పత్రాలు దిద్దుతుండగా హోసూరు నుంచి ఫోను వచ్చింది. చేసినవాడు సెల్వం. ఒకప్పుడు నాతోపాటు అక్క దగ్గర ఆట నేర్చుకున్నవాడు. "అక్క పోయింది శైలజా" అన్నాడు. కొన్ని నెలలుగా రానున్నదని తెలిసిన వార్తే అది. అయినా నా చేతిలోని ఎర్రకలం ఎవరి జవాబు మీద ఉందో అక్కడే ఆగిపోయింది. మృత్యువు ఆమెను ఏనాడో చుట్టుముట్టింది. ఆమె లొంగదులే అని మేమే మూఢంగా నమ్ముతూ వచ్చాం.

హోసూరు బస్టాండు వెనుక వీధిలో కంప్యూటరు ఆటల దుకాణం నడిపిన నాగరత్నమ్మను ఈ పత్రిక పాఠకుల్లో చాలామంది ఎరగరు. ఎరిగినవారిలో అనేకులు ఆమెను ద్వేషించారు. పోయినవారి గురించి రాసేటప్పుడు వారి కాఠిన్యాన్ని కూడా కరుణగా దిద్ది చూపించడం మన ఆనవాయితీ. అలా రాస్తే అక్క ఒప్పుకోదు. ఆమె క్రూరురాలు. ఆమె దగ్గర విద్య నేర్చుకున్నదాన్ని గనుక ఆ మాట ముందే చెప్పి మొదలుపెడుతున్నాను.

అక్క రాయకోట దగ్గరి పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టింది. తల్లిదండ్రులు ఒకరి వెనుక ఒకరు గతించగా, పసివాడైన తమ్ముడు సూరిని చంకనేసుకుని హోసూరు చేరింది. ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి కుదిరింది. అక్కడ ప్రెస్సు యంత్రం కింద పడి ఆమె ఎడమచేతి చివరి రెండు వేళ్ళు నలిగిపోయాయి. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేసరికి ఆమె స్థానంలో ఇంకొకరు పనిచేస్తున్నారు. నష్టపరిహారంగా దక్కిన కొద్దిపాటి డబ్బుతో పాత కంప్యూటర్లు కొని దుకాణం తెరిచింది. సంబంధాలు తెచ్చినవాళ్ళకు ఆ చెయ్యి ఎత్తి చూపించి నవ్వేది. తమ్ముడికి మాత్రం పొద్దున్నే వేడివేడి సంగటి, ఉతికిన చొక్కా, ట్యూషన్. దేనికీ లోటు రానివ్వలేదు.

తొంభైల చివర్లో ఎవరో బెంగళూరు నుంచి ఒక ఆట తెచ్చి ఆ కంప్యూటర్లలో వేశారు. మృగాలను పట్టుకుని, పెంచి, ఎదుటివారి మృగాలతో పోరాడించే ఆట. మొదట మాకు దొరికింది జపాను భాషలోది. ఒక్క అక్షరం తెలియదు. అక్షరాల ఆకారం గుర్తుపెట్టుకుని ఏది నిప్పు దెబ్బో, ఏది నీటి దెబ్బో నేర్చుకున్నాం. ఒక్కొక్కరి దగ్గర ఆరు మృగాలుంటాయి. బరిలోకి ఒకసారి ఒక్కటే దిగాలి. అది ఓడిపోయినా, మనం వెనక్కి పిలిచినా ఇంకొకటి వస్తుంది. ఎదుటివాడి దగ్గర ఏమున్నాయో అవి బయటికి వచ్చేదాకా మనకు తెలియదు. అందుకే మొట్టమొదట దేన్ని దించాలన్నదే ఆటలోకెల్లా కఠినమైన నిర్ణయం. క్రికెట్ పిచ్చిలో ఉన్న మా ఊరి పిల్లలు దానికి ఓపెనర్ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఓపెనర్‌ను ఎంచడంలో అక్కకు సాటి రాగలవాళ్ళు హోసూరులో లేరు.

నేను మొదటిరోజు నా దగ్గరున్నవాటిలో అతి బలమైన మృగాన్ని ముందు దించాను. చూస్తుండగానే కూలిపోయింది. అక్క నా వెనుక నిలబడి ఉంది. "బలమైందాన్ని ముందు దించితే నీకు భయం అని వానికి తెలిసిపోతాది" అంది. సరే అని మరుసటి ఆటలో ఎందుకూ పనికిరానిదాన్ని దించాను. అది చస్తే నాకు పోయేదేమీ లేదు కదా అనుకున్నాను. అక్క ఆట మధ్యలోనే కంప్యూటరు ఆపేసింది. అంతమంది ముందు, ఇంటికి పొమ్మంది. మూడోనాడు మళ్ళీ వెళితే అప్పుడు చెప్పింది. "ప్రేమ లేనిదాన్ని దించితే అది ఎట్ల చచ్చిందో నువ్వు చూడవు. చూడకుంటే నేర్చుకోవు. నీకు శానా ఇష్టమైందాన్ని దించు. అది పడేటప్పుడు కండ్లు మూసుకోవద్దు." ఆమె బోధ అంతా ఈ నాలుగు మాటలే. మిగిలినదంతా అభ్యాసం.

ఆ అభ్యాసం ఎంత నిర్దయగా ఉండేదో సూరి విషయంలో చూశాను. సూరి కుక్కను హైవే మీద లారీ తొక్కేసింది. ఆ కుక్క పేరు కరియ. ఆటలో తాను పెంచుతున్న నల్లటి మృగానికి సూరి ఆ పేరే పెట్టుకున్నాడు. వేసవి సెలవులంతా దానికి యుద్ధాలు నేర్పాడు. అక్క చూసి, ఇక మీదట వాడి ఓపెనర్ కరియే అని తేల్చేసింది. ప్రతి ఆటలో కరియ ముందు దిగేది, ముందు పడిపోయేది. మొదట్లో సూరి ముఖం పక్కకు తిప్పుకునేవాడు. అక్క వాడి గడ్డం పట్టుకుని తెర వైపు తిప్పేది. కొన్నాళ్ళకు వాడు తిప్పుకోవడం మానేశాడు. వాడి ఆట అద్భుతంగా మారింది. కానీ వాడు నవ్వగా నేను తక్కువసార్లే చూశాను.

మా నాన్న నన్ను ఆ దుకాణం మాన్పించడానికి ఒకరోజు వచ్చారు. పరీక్షలున్నాయి, ఆడపిల్ల, ఇదేం చదువు అని గట్టిగా అడిగారు. అక్క ఆయనకు స్టూలు వేసి కూర్చోబెట్టింది. "మీ బిడ్డ అంత తెలివైంది కాదప్పా. ఓడిపోయేదెట్లనో నేర్చుకుంటా ఉండాది. అది మీ ఇస్కూల్లో చెప్పరు" అంది. నాన్న కోపంగా లేచి వెళ్ళిపోయారు. ఎందుకో మరి, నన్ను మాత్రం మాన్పించలేదు.

ఇక ఆ పోటీ సంగతి చెప్పాలి. ఆటల దుకాణాల మధ్య బెంగళూరులో పోటీ పెట్టారు. గెలిచిన దుకాణానికి కొత్త కంప్యూటర్లు ఇస్తామన్నారు. అక్క దగ్గరున్నవి ఒక్కొక్కటే ప్రాణం విడుస్తున్నాయి. అవి దక్కకపోతే దుకాణం మూతపడటమే. జట్టుకు ముగ్గురు. మా తరఫున సూరి, సెల్వం, నేను. గెలిచినవారు కుర్చీలోనే ఉండాలి, ఓడినవారు లేచి తమ జట్టులో తర్వాతివారికి చోటివ్వాలి. తెచ్చుకున్న ఆరు మృగాలను మధ్యలో మార్చకూడదు. చివరి పోటీలో మాకు ఎదురుపడిన జట్టులో కార్తీక్ అనే కాలేజీ కుర్రవాడు ఉన్నాడు. ఒకటో రెండో మృగాలతోనే అందర్నీ మట్టి కరిపిస్తూ వచ్చాడు గనుక అతని దగ్గర మిగిలినవేమిటో ఆ హాలులో ఎవరికీ తెలియదు. వాళ్ళ జట్టులో ముందు దిగేది అతనే. మా జట్టులో ముందు ఎవరు దిగాలో అక్క చెప్పాలి. అక్క క్షణం కూడా ఆలోచించకుండా సూరి పేరు ఇచ్చింది. నీ చేతిలోనే ఉంది, గెలిచి రా అని వాడి భుజం తట్టి పంపింది. ఆమె ఎవరి భుజమైనా తట్టగా చూడటం నాకు అదే మొదటిసారి.

సూరి ప్రాణం పెట్టి ఆడాడు. కరియ ముందు పడింది. పెద్ద తెర మీద అందరూ చూస్తుండగా వాడు ఒక్కొక్కటే దించుతూ వచ్చాడు. కార్తీక్ కూడా దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటికి తీయక తప్పలేదు. ప్రతిదానికీ సరిజోడు అతని దగ్గర ఉంది. మైకు పట్టుకున్నవాడు సూరి ఆటను, ఊరిని, చివరకు వాడి చొక్కాను కూడా వెక్కిరించాడు. హాలంతా నవ్వింది. మధ్యలో ఒకసారి సూరి వెనక్కి తిరిగి అక్క కోసం చూశాడు. అక్క వాడివైపు చూడలేదు. ఆమె కళ్ళు తెర మీద కార్తీక్ మృగాలను చదువుతున్నాయి. వాడు ఓడి లేచి వచ్చేసరికి ఆమె నా చెవి దగ్గర వంగి, కార్తీక్ దగ్గరున్న ఆరింటి పేర్లూ, వాటి దెబ్బలూ వరసగా చెబుతోంది. సూరి మా పక్కనుంచే వెళ్ళి గోడకు ఆనుకున్నాడు. నేను కార్తీక్‌ను ఓడించాను. తర్వాత వచ్చినవాళ్ళు అంత కష్టం కాలేదు. దుకాణం నిలబడింది.

తిరుగు బస్సులో సెల్వం పాటలు పాడుతున్నాడు. సూరి అక్క పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నాడు.

"నేను ఓడిపోతానని తెలిసే దించినావా అక్కా?"

"తెలిసే."

"మరి గెలిచి రా అని ఎందుకు చెప్పినావు?"

"వాణ్ణి కొట్టేది శైలజకే చేతనౌతాది. నీకు కాదు. వాని దగ్గర ఏముండాదో చూడల్ల, అంతే."

సరిహద్దులోని జూజువాడి చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగినప్పుడు సూరి దిగాడు. నీళ్ళకు దిగాడనుకున్నాం. లారీల మధ్య నడుచుకుంటూ పోతున్న వాడి వీపు మాత్రం కనిపించింది. అప్పటికి వాడికి మీసాలు కూడా సరిగా రాలేదు. బస్సు మళ్ళీ కదులుతున్నా అక్క డ్రైవరును ఆపమనలేదు. మరునాడు వాడి కుర్చీలో ఇంకో పిల్లవాణ్ణి కూర్చోబెట్టింది. కొత్త కంప్యూటర్లు వచ్చినరోజు వాటి అట్టపెట్టెలు తానే విప్పి, తానే తుడిచి, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

సూరి లారీ క్లీనరుగా చేరాడు. తర్వాత డ్రైవరై బర్గూరు నుంచి గ్రానైటు తోలేవాడు. దుకాణం గడప మళ్ళీ తొక్కలేదు. కానీ వాడు ఏరోజు ఏ ఊళ్ళో ఉన్నాడో అక్కకు ఎప్పుడూ తెలిసే ఉండేది. చెక్‌పోస్టు దగ్గర టీ కొట్టువాళ్ళను, క్లీనర్లను అడిగి తెలుసుకునేది. మేం అడగకుండానే "సూరి సేలం పోయినాడు" అని ఎవరో పొరుగువాడి సంగతి చెప్పినట్టు చెప్పి, ఆటలో మా తప్పు వెతకడంలో పడిపోయేది.

కొన్నేళ్ళకు అక్క మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. డయాలసిస్ కోసం బెంగళూరు తిరిగి తిరిగి మనిషి పుల్లలా అయిపోయింది. రక్తసంబంధీకులెవరైనా ఒక మూత్రపిండం ఇస్తే బతుకుతుందని వైద్యులు చెప్పారు. సెల్వం వెళ్ళి సూరికి విషయం చెప్పాడు. సూరి వచ్చాడు. పరీక్షలు చేయించుకున్నాడు. సరిపోతుందని తేలింది. ఆ కాగితాలు పట్టుకుని ఆసుపత్రి గదిలోకి వచ్చి అక్క మంచం పక్కన నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను. ఇన్నేళ్ళ తర్వాత అక్కాతమ్ముళ్ళు మొదటిసారి మాట్లాడుకోవడం అది.

"ఆ పొద్దు నాకు ఉన్నమాట చెప్పింటే నేనే దిగేవాణ్ణి కదా అక్కా. ఎందుకు చెప్పలేదు?"

అక్క కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "చెప్పింటే ఓడిపోయేదానికి ఆడుండేవాడివి. గెలవల్లని ఆడినావు గాబట్టే వాడు అన్నీ బయటికి తీసినాడు."

"ఇప్పుడన్నా తప్పయిందని చెప్పు. ఒక్క మాట. సంతకం పెట్టేస్తాను."

"తప్పు కాదు కదరా" అంది అక్క.

సూరి కాగితాలు మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు దూరమైంది. తర్వాత నాకు కోపం ఆగలేదు. ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది, ప్రాణం కదా అక్కా అని అరిచాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుని చెప్పింది. "మనసులో లేని మాట అనింటే వాడు ఇచ్చేసుండేవాడు. అప్పుడు వాణ్ణి రెండోసారి ఆడించినట్లు అవుతాది శైలజా. ఒకసారి చేసినాను, చాలు." సూరికి ఈ మాట చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ తర్వాత ఆమె దేనికీ పోరాడలేదు. డయాలసిస్‌కు వెళ్ళడం తానే తగ్గించుకుంటూ వచ్చింది.

అక్కను రాయకోట దగ్గరి వాళ్ళ పల్లెలో, తల్లిదండ్రుల పక్కన పూడ్చారు. ఆమె చేత తిట్లు తిన్న శిష్యులు చాలామంది వచ్చారు. ఇప్పుడు వాళ్ళంతా ఫ్యాక్టరీల్లో, సెల్‌ఫోను దుకాణాల్లో పనిచేస్తున్నారు. ఏడ్చినవాళ్ళు తక్కువ. సూరి లారీని రోడ్డు మీద నిలిపి, పొలాల్లోంచి నడిచి వచ్చాడు. తమ్ముడిగా చేయవలసినవన్నీ చేశాడు. అందరూ కాళ్ళు కడుక్కోవడానికి బోరు దగ్గరికి వెళ్ళాక, నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నేను ఇచ్చింటే బతికేదా శైలజమ్మా?"

చుట్టూ ఎవరూ లేరు. అబద్ధం చెప్పడానికి అంతకంటే అనువైన సమయం ఉండదు. నేను పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని. ఓదార్పు మాటలు నాకు బాగా వచ్చు.

"బతికేది" అన్నాను.

సూరి తల ఆడించాడు. అతడు ఊహించిన జవాబే అనుకుంటాను. అప్పుడు నేను ఒట్టు తీసి గట్టున పెట్టి, ఆసుపత్రిలో అతడు వెళ్ళాక అక్క అన్న మాట కూడా అక్షరం తప్పకుండా చెప్పాను. అది అతనికి ఊరట అవుతుందని నిజంగానే అనుకున్నాను. విన్నాక అతడు పచ్చిమట్టి పక్కన చతికిలబడి, రెండు చేతులతో తల పట్టుకుని, పొద్దు వాలేదాకా అక్కడి నుంచి లేవలేదు. సెల్వం వచ్చి పిలిచినా లేవలేదు.

నేను కూడా కొంత దూరంలో కూర్చున్నాను. నాగరత్నక్క తన తమ్ముణ్ణి ఎంతగా ప్రేమించిందో ఆ మట్టి పక్కన అతడికి తెలిసింది. తెలియజేసినదాన్ని నేను. నిజమే దయ అని ఆమె ఏనాడూ మాకు చెప్పలేదు. పడేటప్పుడు కళ్ళు మూసుకోవద్దని మాత్రమే చెప్పింది. అలాంటి గురువు నాకు మళ్ళీ దొరకదు. ఇంకెవరికీ దొరకవద్దని కూడా మనసులో ఒక మూల కోరుకుంటున్నాను. ఆమె పాదాలకు నా ప్రణామం.